కొత్త కంప్యూటర్, తాతయ్య సీడీ

సీఎస్ఈలో సీటు వచ్చిందని తెలిసిన రోజు నుంచీ చుట్టాలందరికీ మనం ఉచిత సర్వీస్ సెంటర్. ప్రింటర్ కదలకపోయినా మనకే ఫోను, వాట్సాప్‌లో ఫొటో కనబడకపోయినా మనకే. ఇక ఎవరింట్లోనైనా కొత్త కంప్యూటర్ కొన్నారంటే చెప్పక్కర్లేదు. "ఏమ్మా, ఇందులో ఏం సాఫ్ట్‌వేర్లు వేసుకోవాలో ఓ లిస్టు రాసి పంపు" అంటారు.

అలాంటి లిస్టులు మన హాస్టల్ గ్రూపుల్లో బోలెడు తిరుగుతుంటాయి. రాసినవాళ్ళకి ఏవి ఇష్టమో వాటిని చూస్తే తెలుస్తుంది. ఆ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి ఎవరో మాత్రం ఏ లిస్టూ అడగదు. పోయిన వేసవిలో మా ఇంటికి కంప్యూటర్ వచ్చినప్పుడు నేను రెండు ప్రశ్నలు పెట్టుకుని పని మొదలుపెట్టాను. ఒకటి, దీని ముందు ఎవరు కూర్చుంటారు? రెండు, వాళ్ళు ఇందులో దాచుకున్నది పదేళ్ళ తర్వాత కూడా బయటికి తీసుకోగలరా? మొదటి ప్రశ్న ఎవరికైనా తడుతుంది. రెండోదాని విలువ ఎంతో నాకు మా తాతయ్య వల్ల తెలిసింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు కంప్యూటర్ సంగతి.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. టౌన్లో ఒక షాపులో విడి భాగాలు బిగించి ఇచ్చిన డెస్క్‌టాప్ తెచ్చారు. 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఇంటికి అది చాలు. "అన్నీ వేసే ఇచ్చాం మేడమ్, ఇంక మీరేం వేసుకోనక్కర్లేదు" అన్నాడు షాపతను. ఆన్ చేసి చూస్తే నిజంగానే అన్నీ ఉన్నాయి. విండోస్, ఆఫీస్, ఫొటోషాప్ కూడా. డబ్బు కట్టినది మాత్రం ఒక్కటీ లేదు. అన్నీ క్రాక్ చేసినవే.

నాన్నకి ఇది ఎలా చెప్పాలా అని ఆలోచించాను. దొంగ కాపీ తప్పు అని నీతి చెబితే "ఊరంతా అదే వాడుతున్నారు కదే" అంటారు. అందుకని వేరేలా చెప్పాను. "నాన్నా, ఈ క్రాక్ వేసేవాళ్ళు ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఆపకపోతే అది పట్టేసుకుంటుంది కాబట్టి. అంటే మిల్లులోకి లారీ రావాలంటే ముందు వాచ్‌మన్‌ని ఇంటికి పంపించమన్నట్టు. లోపలికి ఏం వచ్చిందో మనకి తెలుస్తుందా? రేపు బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేది ఇందులోనే కదా." నాన్న కాసేపు ఆలోచించి, "అయితే తీసెయ్" అన్నారు.

తీసేశాక ఏం వెయ్యాలి? లైసెన్సు ఉన్న విండోస్ విడిగా కొనాలంటే ఇంకొన్ని వేలు. పాత విండోస్ 10 వేసుకుందామంటే దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసిపోయే లెక్క. అందుకని లైనక్స్ మింట్ వేశాను. దీన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లైవ్‌గా నడిపి చూడొచ్చు. వైఫై పట్టిందా, సౌండ్ వచ్చిందా, ప్రింటర్ తీసుకుందా అని ముందే చూసుకుని, నచ్చితేనే వేసుకోవచ్చు. ఉబుంటు ఎల్‌టీఎస్ మీద ఆధారపడి చేస్తారు కాబట్టి ఒక వెర్షన్‌కి 5 ఏళ్ళ పాటు అప్‌డేట్లు వస్తాయి.

అందరూ ఇదే వేసుకోవాలని నేను అనను. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, ట్యాలీలతో పనిచేసే ఇంట్లో విండోస్ ఉండాల్సిందే. అప్పుడు లైసెన్సుతో కొనండి. దాంతోపాటు వచ్చే డిఫెండర్ ఇంటికి సరిపోతుంది, యాంటీవైరస్ విడిగా కొనక్కర్లేదు. ఆటోక్యాడ్ లాంటివి విద్యార్థులకి ఉచితంగా ఇస్తారని మన మెకానికల్, సివిల్ మిత్రులకి తెలిసే ఉంటుంది. మా ఇంట్లో ఎదురుతిరిగింది ఒక్క తమ్ముడే. "అక్కా, ఇందులో వాలొరెంట్ రాదా?" అన్నాడు. రాదు. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత స్టీమ్‌లో ఏవో దొరికాయి, ఊరుకున్నాడు.

ఇప్పుడు ఎవరికేం కావాలో చూద్దాం.

నాన్నకి కావాల్సింది బ్రౌజరు, ప్రింటు. కరెంటు బిల్లు, ఆధార్ కాపీ, ఎవరికో ఒక అప్లికేషన్, అంతే. ఫైర్‌ఫాక్స్ పెట్టి, దానికి యూబ్లాక్ ఆరిజిన్ తగిలించాను. ప్రకటనలు పోవడం ఒక లాభమైతే, అసలు లాభం ఇంకొకటుంది. కొన్ని సైట్లలో డౌన్‌లోడ్ అని పచ్చటి బటన్లు నాలుగుంటాయి. వాటిలో మూడు మోసం. మనకి చూడగానే తెలుస్తుంది, నాన్నకి ఎలా తెలుస్తుంది? ఆ మూడూ కనబడకుండా పోతే చాలు, సగం ఫోన్లు తగ్గుతాయి.

పాస్‌వర్డులు నాన్న క్యాలెండర్ వెనక రాస్తారు. కొత్త సంవత్సరం రాగానే పాత క్యాలెండర్‌తోపాటు పాస్‌వర్డులూ పాత పేపర్లవాడికి వెళ్ళిపోతాయి. దానికి కీపాస్ ఎక్స్‌సీ వేశాను. అన్నీ తాళం వేసిన ఒకే ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలు మన కంప్యూటర్లోనే ఉంటుంది, కాపీ తీసుకోవచ్చు, రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కి మారాలంటే అన్నీ బయటికి తీయొచ్చు. ఆ ఒక్క తాళం మాట మాత్రం కాగితం మీద రాసి, బీరువాలో పట్టాదారు పాస్‌బుక్కు మధ్యలో పెట్టాం. మా ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు లేదు.

అమ్మ డ్వాక్రా సంఘంలో లెక్కలు చూస్తుంది. పది మంది పేర్లు, నెలనెలా పొదుపు, అప్పు, వడ్డీ. లిబ్రె ఆఫీస్‌లో క్యాల్క్ తెరిచి ఒక షీట్ చేసిచ్చాను. పేర్లన్నీ తెలుగులోనే. "వీటిని వరసగా పెట్టొచ్చా?" అంది. సార్ట్ నొక్కితే అనసూయ నుంచి వెంకటలక్ష్మి దాకా అకారాదిగా సర్దుకున్నాయి. అమ్మకి ఆ ఒక్క నొక్కుతో కంప్యూటర్ మీద నమ్మకం కుదిరింది. తెలుగు పేర్లు అలా వరసలోకి రావడం అంత మామూలు విషయమేం కాదని నాకు తర్వాత నాలుగు రోజులకి తెలిసొచ్చింది.

ఇంటిల్లిపాదికీ పనికొచ్చేది వీఎల్‌సీ. దీని పుట్టుక మనలాంటివాళ్ళు తెలుసుకోదగ్గది. 1996లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ అనే ఇంజనీరింగ్ కాలేజీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, క్యాంపస్ నెట్‌వర్క్‌లో వీడియోలు చూసుకోవడానికి. 2001లో జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ వదిలేశారు. ఈ రోజు మా ఇంట్లో అమ్మానాన్నల పెళ్ళి వీసీడీ ఆడిందంటే ఆ కుర్రాళ్ళ పుణ్యమే. ఆ వీసీడీ కోసం బయటి డీవీడీ డ్రైవ్ ఒకటి కొన్నాం. ఇప్పటి క్యాబినెట్లలో డ్రైవ్ ఉండట్లేదు కదా.

పెళ్ళి వీడియో చూస్తున్నంతసేపూ వెనక కుర్చీలో కూర్చున్న తాతయ్య, అది అయిపోగానే లేచి వెళ్ళి భాగవతం పుస్తకంలోంచి ఒక సీడీ తీసుకొచ్చాడు. మార్కర్‌తో "ఫైనల్ ప్రూఫ్, 2006" అని రాసుంది. "ఇదీ తెరుచుకుంటుందేమో చూడమ్మా" అన్నాడు.

తాతయ్య ఎలిమెంటరీ స్కూల్ టీచరుగా రిటైరయ్యాడు. ఇప్పుడు 79 ఏళ్ళు. మా కాలవ కింద ఊళ్ళల్లో వ్యవసాయంలో వాడే మాటలన్నీ ఏరి, అర్థాలు రాసి, పుస్తకం వేద్దామనుకున్నాడు. ఆకుమడి, బోదె, పన, కుప్ప, కళ్ళం, పురి, గాదె. మారుటేరు నుంచి స్వర్ణ వచ్చి పొలాలన్నీ నిండకముందు వేసిన అక్కుళ్ళు, కృష్ణకాటుకలు లాంటి రకాలు. టౌన్లో డీటీపీ చేయించాడు, 84 పేజీలు. అచ్చుకి డబ్బు కుదరలేదు. చేత్తో రాసిన నోటుపుస్తకాలు అటక మీద చెదలు తినేశాయి. డీటీపీ షాపు మూసేశారు, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మిగిలింది ఈ సీడీ ఒక్కటే.

రాసి అన్నేళ్ళయిన సీడీ అంటే పాత గోడ లాంటిది, ముట్టుకుంటే రాలొచ్చు. అందుకని ఫైళ్ళు తెరవబోకుండా ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో సీడీ మొత్తానికి నకలు తీశాను. చదవగలిగిన భాగాలు ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి మళ్ళీ మళ్ళీ వెళ్ళి ప్రయత్నించడం దాని పని. రాత్రంతా నడిచింది. పొద్దున్నకి చూస్తే సీడీలో మూడు ఫైళ్ళు. రెండు పూర్తిగా వచ్చాయి. మూడోదాని మధ్యలో పెద్ద గండి.

మూడూ పేజ్‌మేకర్ ఫైళ్ళు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత దాన్ని అడోబీ వదిలేసింది. అయితే లిబ్రె ఆఫీస్‌లో డ్రా అనే భాగం పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరవగలదు. అమ్మ డ్వాక్రా లెక్కల కోసం వేసిన సాఫ్ట్‌వేరే తాతయ్య ఫైలుకీ అక్కరకొచ్చింది. ఫైలు తెరుచుకుంది. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, డాలరు గుర్తులు. తెలుగు ఒక్క ముక్క లేదు.

తాతయ్య కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "ఇది నాది కాదమ్మా" అన్నాడు.

ఆయనదే. అది అను ఫాంట్లలో కొట్టిన తెలుగు. ఆ రోజుల్లో తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లే. మనం చదివిన పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు ఎన్నో వాటితోనే అచ్చయ్యాయి. ఆ పద్ధతిలో తెలుగు అక్షరాన్ని ముక్కలు చేసి, తలకట్టు ఒకచోట, వత్తు ఒకచోట, ఒక్కో ముక్కనీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెడతారు. ఫాంటు ఉన్నంతసేపూ కంటికి తెలుగే. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అది ఎప్పుడూ తెలుగు కాదు. ఫాంటు లేని చోట వేషం తీసేసినట్టు లోపలి ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. అందులో మాట వెతకలేం, అకారాదిగా సర్దలేం, కంప్యూటర్‌తో చదివించుకోలేం.

యూనికోడ్‌లో అలా కాదు. తెలుగులోని ప్రతి అక్షరానికీ తనదంటూ ఒక సంఖ్య ఉంటుంది. అ అంటే 3077, క అంటే 3093. ఏ దేశంలో, ఏ కంపెనీ కంప్యూటర్లో, ఏ ఫాంటులో చూసినా 3093 అంటే క మాత్రమే. తెలుగుకి ఈ సంఖ్యలు 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌ నుంచే ఉన్నాయి. అమ్మ షీట్లో పేర్లు వరసలోకి వచ్చింది అందుకే. ఒకే ఇంట్లో, ఒకే కంప్యూటర్లో, ఒకే వారంలో ఈ రెండు రకాల తెలుగునీ పక్కపక్కన చూశాను నేను.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అను వెర్షన్‌ని బట్టి అమరిక మారుతుంది కాబట్టి సరైనది ఎంచుకోవాలి. ఒక పేరా కాపీ చేసి అందులో వేసి నొక్కాను. తాతయ్య ముందుమాట మొదటి వాక్యం తెలుగులో వచ్చింది. ఆయన పైకి చదివాడు. సగంలో ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ చదివాడు.

అయితే కన్వర్టర్ పని ముప్పాతిక వంతే. వత్తులు కొన్నిచోట్ల ఎగిరిపోయాయి, అక్కుళ్ళు కాస్తా అకుళు అయింది. కొన్నిచోట్ల దీర్ఘాలు పక్క అక్షరానికి అంటుకున్నాయి. సెలవులన్నీ సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, ప్రింటు తీసిన కాగితం తాతయ్య చదువుతుంటే నేను దిద్దాను. రోజుకి మూడు నాలుగు పేజీలు. మధ్యలో నాకు తెలియని మాట వస్తే ఆయన చేతులతో చేసి చూపించేవాడు. పన ఎలా కడతారో, పురి ఎలా చుడతారో. ఆ అర్థాలు 84 పేజీల్లో లేవు, ఆయన చేతుల్లో ఉన్నాయి.

ఇక గండి పడ్డ మూడో ఫైలు. అందులో య నుంచి క్ష దాకా ఉండే మాటలు. వరికుప్ప, వాము, వెన్ను, సాలు, సోల లాంటివి ఎక్కువగా అక్కడే. అవి కన్వర్టర్ ఇవ్వలేదు, మళ్ళీ రాయాల్సిందే. "నేనే కొడతాను, ఎలాగో చెప్పు" అన్నాడు తాతయ్య.

తెలుగు టైపింగ్‌కి మనమంతా వాడేది ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి. మింట్‌లో ఐబస్ ద్వారా అది కూడా పెట్టుకోవచ్చు, విండోస్‌లో అయితే 2019 అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే వస్తోంది. కానీ తాతయ్యకి ఆ దారి నప్పలేదు. "తెలుగు రాయడానికి ఇంగ్లీషు గుమ్మంలోంచి ఎందుకమ్మా వెళ్ళడం?" అన్నాడు. ఇన్‌స్క్రిప్ట్ పెట్టాను. ప్రభుత్వం 1980లలో భారతీయ భాషలన్నిటికీ కలిపి ఖరారు చేసిన అమరిక అది. ఎడమ చేతివైపు అచ్చులు, గుణింతాల గుర్తులు, కుడి చేతివైపు హల్లులు. క మీట షిఫ్టుతో నొక్కితే ఖ. గ మీట షిఫ్టుతో నొక్కితే ఘ. వత్తు కావాలంటే మధ్యలో పొల్లు నొక్కాలి. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించాం. ఓనమాలు నేర్పిన మనిషి కదా, తర్కం పది నిమిషాల్లో పట్టేశాడు. వేళ్ళకి అలవాటవడానికి మూడు వారాలు పట్టింది. ఫాంటుల్లో ఆయనకి మండలి నచ్చింది. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, రామభద్ర, సూరన్న, మల్లన్న వగైరా. ఏది మార్చినా రాత చెదరదు, అదే కదా యూనికోడ్ చేసిన మేలు.

ఇన్ని చేశాక ఆ కంప్యూటర్లోనే ఒకే ఒక్క కాపీ ఉంచితే సీడీ కథ మళ్ళీ మొదటికొస్తుంది. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనేది ఉంటుంది, సిస్టమ్ పాడైతే పాత స్థితికి తెస్తుంది. కానీ మామూలు అమరికలో అది మన సొంత ఫైళ్ళని దాచదు. ఈ తేడా చాలామందికి తెలియదు. సొంత ఫైళ్ళకి బ్యాకప్ వేరుగా ఉండాలి. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. మాకు కంప్యూటర్లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, రాజమండ్రిలో మా పిన్ని వాళ్ళింట్లో ఇంకో డిస్క్‌లో ఒకటి. మార్చుకోవడానికి వీలుగా ఓడీటీ రూపంలో, చదువుకోవడానికి పీడీఎఫ్ రూపంలో. పిన్ని వచ్చినప్పుడల్లా పచ్చళ్ళ సీసాలతోపాటు ఆ డిస్కూ వచ్చిపోతుంది.

కాబట్టి లిస్టు అడిగినవాళ్ళకి నేనిప్పుడు చెప్పేది ఇదీ. లైసెన్సున్న విండోస్ లేదా లైనక్స్ మింట్. ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్. లిబ్రె ఆఫీస్. వీఎల్‌సీ. కీపాస్ ఎక్స్‌సీ. మొదటి రోజే ఆన్ చేసిన తెలుగు కీబోర్డు. రెండు బయటి డిస్కులు. అంతకుమించి ఎవరు ఏది వెయ్యమన్నా ఒక్క మాట అడగండి: ఇందులో పెట్టినది రేపు ఇది లేకుండా తెరుచుకుంటుందా?

తాతయ్య ఇప్పటికి మూడో ఫైల్లో 140 మాటలు కొట్టాడు. రాత్రి తొమ్మిదింటికి హాస్టల్‌కి ఫోన్ చేసి "క్ష ఎలాగమ్మా?" అంటాడు. క, పొల్లు, ష అని చెప్తాను. ఇంకా ఎన్ని మాటలున్నాయని అడిగితే, "గుర్తున్నవి ఒక ముప్పై. మిగతావి అప్పట్లో పెద్దవాళ్ళని అడిగి రాసుకున్నాను. వాళ్ళెవరూ ఇప్పుడు లేరు" అన్నాడు మొన్న. దానికి ఏ సాఫ్ట్‌వేరూ లేదు.

సంక్రాంతికి అందరం ఇళ్ళకి వెళ్తాం. గాలిపటాల మధ్య ఒక గంట ఖాళీ చేసుకుని, మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, బీరువాలోనో పుస్తకాల మధ్యలోనో పాత సీడీలేమైనా ఉన్నాయా అని. డీవీడీ డ్రైవ్ కావాలంటే నా దగ్గరుంది, గర్ల్స్ హాస్టల్ రెండో అంతస్తు. తీసుకెళ్ళి వాడుకుని, మళ్ళీ తెచ్చివ్వండి.